ఉద్యోగములు – ఇంటిపేరులు

మా యిచ్ఛాపురము తెలుగునాటి యుత్తరపు గడప. ఊరు దాటి కొంతదూరము నడచినచో ఒడిశా రాష్ట్రము. 1936 వ సంవత్సరమున ఒరిస్సా వేఱు రాష్ట్రమైనప్పుడు గంజాము జిల్లాను చీల్చి సరిహద్దు గీచిరి. ఆ గీత పొలములమీదుగా పోయినది గాని యింటిపేరులమీదుగా పోలేదు. నేను ప్రతిదినమును తరగతిలో హాజరుపట్టీ విప్పి పిలుచునప్పుడు మహాపాత్రో, పట్నాయక్, సేనాపతి, లెంక, భండారు, ప్రగడ యను పేరులు వరుసగా వచ్చుచుండును. పరాయివాడెవడైన కిటికీచెంత నిలిచి వినినచో లోపల నొక మహారాజు కొలువుదీఱి యున్నాడని భ్రమపడును. మంత్రులు, దండనాయకులు, కోశాధికారులు నందఱును బల్లలపై గూర్చుండి లెక్కలు చేయుచుందురు. మా సేనాపతికి బల్లి యన్న మహాభయము.

నిరుటి యేట చరిత్రపాఠములో ప్రాచీనజపానుదేశపు రాజాస్థానమును గూర్చి చెప్పవలసివచ్చినది. అక్కడి కోటకావలివారి యుద్యోగనామము కాలక్రమమున సామాన్యుల పేరులలో గలిసిపోయెనని చెప్పగా పిల్లలు నవ్విరి. మన పేరులును అట్టివే యని హాజరుపట్టీనుండి కొన్నిటి యర్థములు వివరించితిని. మహాపాత్రోవారి పిల్లవాడు మెడ నిక్కించెను. అంతలో వెనుకబల్లనుండి యొక బాలుడు లేచి, “మాస్టారూ, దండాసి యంటే ఏమిటండీ?” అని యడిగెను. తరగతి గొల్లుమన్నది. మా సీమలో దండాసులనగా తరతరములుగా గ్రామమునకు కావలి కాచినవారు. ఊరిలో దొంగతనము జరిగినచో మొదట ననుమానము పాలైనవారును వారే. ఆ బాలుని తాత యీ పని చేసినవాడు. నవ్వినవారిని కసరి యూరకుండజేసితినే గాని అతని ప్రశ్నకు ఆనాడు నాకు సమాధానము తోచలేదు. ఈ వ్యాస మా బాకీ తీర్చుటకు వ్రాయుచున్నది.

మొదట జపాను సంగతియే చెప్పెదను. అక్కడ పదవుల లెక్క తేటగా వ్రాయబడి యున్నది. 603 వ సంవత్సరమున షోతొకు రాజకుమారుని కాలమున ఉద్యోగులకు పండ్రెండు తరగతుల టోపీలు నిర్ణయింపబడెను. సుగుణము, దయ, మర్యాద, విశ్వాసము, న్యాయము, జ్ఞానము అను నాఱింటికిని పెద్ద, చిన్న యను భేద మేర్పఱచి పండ్రెండు చేసిరి. టోపీని చూచిన తరగతి తెలియును. ఇందలి విశేష మేమనగా, అంతకుముందు వంశమునకు దక్కుచుండిన గౌరవము ఇప్పుడు మనిషికి దక్కినది. తండ్రి టోపీ కొడుకు తలమీదికి రాదు. పిమ్మట 701 లో చీనావారి మాదిరిని తైహో ధర్మశాస్త్ర మేర్పడెను. దేవతాకార్యముల కొక శాఖ, రాజ్యకార్యముల కొక మహాసభ, ఆ సభక్రింద ఎనిమిది మంత్రిత్వశాఖలు. ఉద్యోగుల తరగతులు ముప్పది. పై తరగతులవారికి పొల మెంత, సేవకు లెందఱు, ధరింపవలసిన వస్త్రపు రంగేది యనునదంతయు లిఖితము. విద్యాలయమును పరీక్షలును గలవు. కాని యా చట్టములోనే యొక సందు విడిచిరి. ఉన్నతోద్యోగి కుమారునకు ఇరువదియొకటవ యేట, పరీక్షతో నిమిత్తము లేకయే, తండ్రి తరగతిని బట్టి యొక తరగతి లభించును. చీనాలోను ఇట్టి యనుగ్రహము కలదు. జపానులో ఆ సందు సింహద్వారమాయెను. తొమ్మిదవ శతాబ్దినుండి ఫుజివార వంశమువారు పెద్దపదవులన్నియు తమ యింటి సొత్తుగా జేసికొనిరి. విద్యవలననే పైకివచ్చిన సుగావర మిచిజానె యను పండితుడు మహాసభలో కుడిమంత్రి పదవివఱకు పోగా, 901 లో నిందమోపి క్యూషూదీవికి బంపివేసిరి. రెండేండ్లకు అక్కడనే మరణించెను. తరువాత నాయనకు గుళ్లు గట్టిరి. నేటికిని జపానులో పరీక్షలకు బోవు విద్యార్థులు మ్రొక్కుకొనునది యాయనకే. బ్రతికియుండగా పదవినుండి త్రోసి, చచ్చినపిమ్మట దేవుని జేయుట జపానుకు మాత్రమే చెల్లిన విద్య కాదు.

పని పోయి పేరు మిగులుట యటుపిమ్మటి కథ. కోటగుమ్మముల కావలిసేనకు ‘ఎమోన్’ అనియు, నగరులోపలి కావలిసేనకు ‘హ్యోఎ’ అనియు పేరులు. ఆ సేనలు నామమాత్రములైన తరువాత ఈ మాటలు గ్రామస్థుల పేరులకు తోకలాయెను. 1594 లో మరణదండన పొందిన జపానుదేశపు ప్రసిద్ధచోరుని పేరు గోఎమోన్. కోటకావలివాని బిరుదు చివరకు గజదొంగకు దక్కినది! పదునెనిమిదవ శతాబ్దిలో, నేటి టోక్యో నగరమున న్యాయాధికారిగా పేరొందిన ఓఓక తదాసుకెకు ‘ఎచిజెన్ దేశాధిపతి’ యని బిరుదు. ఆ దేశపు పాలనతో ఆయనకేమియు సంబంధము లేదు.

అన్నిటికంటె నన్ను కలచినది స్త్రీల సంగతి. పదునొకండవ శతాబ్ద్యారంభమున గెంజికథ యను మహాగ్రంథమును రచించిన విదుషీమణి యసలుపేరు నేడు నిశ్చయముగా తెలిసినవారు లేరు. మురాసకి షికిబు అని యామెను పిలుతురు. మురాసకి ఆమె కథలోని నాయిక పేరు. షికిబు ఆమె తండ్రి పనిచేసిన మర్యాదలశాఖ పేరు. తల్లిదండ్రులు పెట్టిన పేరు మాసిపోయి తండ్రి కచేరి పేరు నిలిచినది. మన యిండ్లలో జీవితమంతయు ‘తాసిల్దారుగారి కోడలు’, ‘మాస్టారిగారి భార్య’ యని పిలువబడి, కర్మపత్రికలో మాత్రమే సొంతపేరు కనబడు తల్లులను తలచుకొనినచో జపాను దూరదేశ మనిపింపదు.

1870 ప్రాంతమున మెయిజీ ప్రభుత్వమువారు దేశనామములను, పాతయుద్యోగముల నామములను మనుష్యులు పేరులుగా పెట్టుకొనరాదని యుత్తరువు చేసిరి. పేరులు ఉత్తరువులకు లోబడునా? ఎమోనులు పెక్కండ్రు మిగిలిరి.

ఇక మన యింటికి వత్తము. వంశధార యొడ్డున నున్న ముఖలింగమే ప్రాచీనకళింగనగరమని గిడుగు వేంకటరామమూర్తిపంతులుగారు శాసనాధారములతో వాదించిరి. నేటి పండితులలో ననేకు లది యంగీకరింతురు. (వ్యావహారికమునకై పోరాడిన యా మహనీయుని పరిశోధనను నేను గ్రాంథికములో స్మరించుట చూచి చదువరులు నవ్వుకొందురు గాక.) అక్కడ రాజ్యమేలిన తూర్పుగాంగులు 500 ప్రాంతమున తమ శకము నారంభించి, మహేంద్రగిరిమీది గోకర్ణస్వామి యనుగ్రహమువలన పాలించుచున్నామని శాసనములలో చెప్పుకొనిరి. మందసవైపు ఉద్దానపు తోటలలో నిలిచి చూచినచో నా కొండ నేటికిని కనబడును.

తొలి గాంగుల తామ్రశాసనములలో రాజు భూదానము చేసి యా యాజ్ఞను ఎవరికి వినిపించును? ఆ గ్రామపు కుటుంబులకు, అనగా సేద్యగాండ్రగు గృహస్థులకు. ఉద్యోగుల పొడవైన పట్టిక లేదు. వ్రాసినవాడు, చెక్కినవాడు అను రెండుమూడు పేరులు మాత్రము చివర వచ్చును. గాంగశకము 87 వ యేట, అనగా 584 ప్రాంతమున, ఇంద్రవర్మ వేయించిన అచ్యుతాపురశాసనమును వ్రాసినవాడు భానుచంద్రుని కుమారుడు వినయచంద్రుడు. రాజు స్వముఖమున నాజ్ఞాపింపగా వ్రాసితినని యతడు చెప్పుకొనెను. ఆ పలుకులో నెంత గర్వ మున్నదో, అంత సామీప్యమును ఉన్నది. రాజునకును లేఖకునకును నడుమ మఱియొకడు లేడు.

ఆఱేడు శతాబ్దములు గడచినవి. అనంతవర్మ చోడగంగదేవుని కాలమున, పండ్రెండవ శతాబ్దిలో, రాజధాని కటకమునకు కదలినది. ఆ పిమ్మటి గాంగుల శాసనములు చదివినచో సభ క్రిక్కిఱిసి యుండును: మహాపాత్రుడు, సంధివిగ్రహి, శ్రీకరణము, ద్వారపరీక్ష, పురోపరీక్ష, ముద్రాహస్తుడు, భండారాధికారి. పొరుగురాజులతో సంధియో విగ్రహమో నడపువాడు సంధివిగ్రహి. రాజముద్రను చేతబట్టినవాడు ముద్రాహస్తుడు. సంస్కృతవిద్యార్థులకు ఈ కొలువులోని యొక పెద్దమనిషి బాగుగ పరిచితుడు. సాహిత్యదర్పణము వ్రాసిన విశ్వనాథకవిరాజు సంధివిగ్రహి, మహాపాత్రుడు. ఆయన తండ్రి చంద్రశేఖరుడును కవియే, సంధివిగ్రహియే. కవి కడుపున కవి పుట్టినచో లోకము సంతోషించును. సంధివిగ్రహి కడుపున సంధివిగ్రహి పుట్టినచో రాజ్యము కొంత యాలోచింపవలెను.

దీనికి ప్రక్కన నింకొక చిత్రము చూపెదను. శ్రీకూర్మక్షేత్రమున 1281 నాటి శాసన మొకటి కలదు. మధ్వాచార్యుల శిష్యులగు నరహరితీర్థులు కళింగదేశమును పాలించినట్లును, శబరులబారినుండి శ్రీకూర్మమును కాపాడినట్లును, యోగానందనృసింహుని ప్రతిష్ఠించినట్లును అందున్నది. కాషాయము గట్టినవాడు ఖడ్గము పట్టవచ్చునా యను చర్చ యటుండనిండు. సన్న్యాసి కనుక పదవి పుచ్చుకొనుటకు కుమారుడు లేడు. మా హాజరుపట్టీలో ఆయన పదవి పేర నెవ్వరును లేకపోవుటకు కారణ మదే కావలెను.

తెలుగుదేశపు తక్కిన భాగములలోను ఇదే వరుస. కాకతీయుల కొలువున డెబ్బదిరెండు నియోగములు. వాని పైయధికారి బాహత్తరనియోగాధిపతి. గణపతిదేవుని కాలమున కాయస్థుడగు గంగయసాహిణి ఆ పదవి వహించెను. సాహిణి యనగా ఆశ్వికదళమువారి నాయకుడు. నృత్తరత్నావళి రచించిన జాయపసేనాని గజసాహిణి, అనగా ఏనుగులసేన కధిపతి. నియోగమును బట్టి నియోగులు, కరణమును బట్టి కరణములు. మంత్రియను నర్థముగల ప్రెగ్గడ మహాభారతకవియగు నెఱ్ఱాప్రెగ్గడ పేరున మెఱసి, ప్రగడయై యింటిపేరులలో నిలిచినది. ఊరిపెద్దయగు రెడ్డి రాష్ట్రకూటశబ్దమునుండి రట్టగుడి మీదుగా వచ్చినవాడని భాషావేత్తలు పెక్కండ్రు చెప్పుదురు. తూర్పుచాళుక్యులు తమ శాసనములలో ‘రాష్ట్రకూటులు మొదలగు కుటుంబులారా’ యని సంబోధించినది వీరినే.

ఇంతవఱకు చెప్పినవి నిలిచిన పదవులు. జాఱిన పదవు లింకను చిత్రములు. మా పిల్లల కథలపుస్తకములలో తలారి యనగా రాజు ‘నఱకు’ మన్నవాని తల నఱకువాడు. పల్లెలో తలారి యనగా మునసబుగారి పిలుపునకు పరుగెత్తువాడు. నాగార్జునకొండ శాసనములు చదివినవా రీ మాటకు తలవంచి నమస్కరింతురు. మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకురాజుల విజయపురిలో మహాతలవరుడు మహాపదవి. ఆ వంశమున శాంతమూలమహారాజు చెల్లెలు చాంతిసిరి యొక మహాతలవరుని భార్య. ఆయన కూతురు అడవి చాతిసిరి భర్త మహాసేనాపతి, మహాతలవరుడు, మహాదండనాయకుడు అను మూడు బిరుదులును గలవాడు. రాజు తన యాడుబిడ్డల నిచ్చిన పదవి యది. ఆ తలవరశబ్దమే తలారి యైనదని పండితుల యభిప్రాయము. ఇంకొక సంగతి: నాగార్జునకొండపై మహాచైత్యమును నిలిపిన యీ చాంతిసిరి పేరు పదునేడువందల యేండ్లకు పైగా ఱాతిమీద నిలిచియున్నది. గెంజికథ వ్రాసినయామెకు లేని భాగ్యము!

అటులే, గాంగశాసనములు చెక్కినవాడు తఱచుగా అక్షశాలి. రాజుగారి బంగారపుశాలలో పనిచేయు నాతని యుద్యోగనామమే అగసాలె యను కులనామమైనది. అక్షరము చెక్కిన చేయి ఆభరణము చేయుచు మిగిలెను.

ఇక దండాసి. ఓఢ్రదేశమున భౌమకరరాజుల తామ్రశాసనములలో రాజాజ్ఞ నెఱుగవలసిన యుద్యోగుల పట్టిక వచ్చును. అందులో దాండపాశికు డొకడు. దండము, పాశము చేతగలవాడు. నేరస్థుని బట్టువాడు, దండించువాడు. నేటి మాటలో పోలీసుఅధికారి. మా సీమలోని దండాసి యీ దాండపాశికుని మనుమడేయని నాకు తోచుచున్నది. మాటయు సరిపోవుచున్నది, పనియు సరిపోవుచున్నది. సరిపోనిది మర్యాద యొక్కటే.

మూడువారములు గడచినపిమ్మట ఈ సంగతి తరగతిలో చెప్పితిని. నవ్విన పిల్లలు నోరు దెఱచి వినిరి. ఆ బాలుడు మాత్రము పెద్దగా సంతోషించినట్లు కనబడలేదు. కొంతసేపు ఆలోచించి, “ఆ అధికారికి జీతమెంతండీ?” అని యడిగెను. శాసనములో పదవి పేరున్నది గాని జీతము లేదంటిని. “అయితే ఏమి తినేవాడండీ?” అనెను.

నేను సిగ్గుపడితిని. అతనికి గౌరవము కలిగింపవలె నను తొందరలో నేనును పదవులత్రాసులోనే అతనిని తూచితిని. నీ పూర్వులు పెద్దయుద్యోగులు, కావున నీవు నవ్వదగినవాడవు కావని నా మాటల యర్థము. పూర్వులు పెద్దయుద్యోగులు కానివాని మాటయేమి? అతడు పదవిని విడిచి గ్రాసమును గూర్చి యడిగినాడు, మఱి గుట్టంతయు గ్రాసములోనే యున్నది.

కౌటిల్యుని యర్థశాస్త్రములో ఉద్యోగుల వేతనముల పట్టిక కలదు. మంత్రికి, పురోహితునకు, సేనాపతికి, యువరాజునకు 48,000 పణములు. దౌవారికుడు, సన్నిధాత మొదలగువారికి 24,000. రొక్కము పుచ్చుకొనువానిని మాన్పించుట సులభము. మఱుసటి దినమున రొక్కము నిలిపినచో చాలును. రొక్కము చాలని రాజ్యము భూమి నిచ్చును. భూమి కదలదు, దానిని తినువాడు కదలడు, వాని కొడుకును కదలడు. జపానులో 743 నాటి చట్టముచే, క్రొత్తగా సాగులోనికి తెచ్చిన పొలములు శాశ్వతముగా సొంతము చేసికొనవచ్చు ననిన తరువాత పెద్దయిండ్లును మఠములును పొలములు కూడబెట్టుకొనినవి. రాజ్యపు కచేరీలు క్రమముగా వట్టిపోయినవి. మనకు మాన్యములు. కరణమునకు మాన్యము, తలారికి మాన్యము, మంగలికి మాన్యము, చాకలికి మాన్యము. మాన్యము తండ్రినుండి కొడుకునకు పోవునప్పుడు పనియు పోవును, పనితో పేరును, పేరుతో ఊరిలో కూర్చుండు తావును పోవును. మహాపాత్రుని కొడుకునకు అరుగు, దండాసి కొడుకునకు వీథిచివర.

ఆంగ్లేయులు వచ్చి యీ ముడి విప్పిరా? బిగించిరి. 1802 నాటి 29 వ రెగ్యులేషను జమీందారీ గ్రామములలో కరణీకమునకు కరణము వారసులకే మొదటి హక్కునిచ్చెను. 1895 లో మదరాసు ప్రభుత్వమువారు వంశపారంపర్యగ్రామోద్యోగముల చట్టమునే చేసిరి. పరీక్షలు పెట్టి కలెక్టర్లను ఎంచుకొనిన ప్రభుత్వము, కలెక్టరుకు లెక్క వ్రాసి యిచ్చువానిని మాత్రము పురిటింటిలో ఎంచుకొనెను. స్వరాజ్యము వచ్చిన పదుమూడేండ్లకు గాని యీ సంగతి ధర్మాసనము నెక్కలేదు. ఆంధ్రప్రదేశమున నొక గ్రామమును రెండుగా విభజించినప్పుడు మునసబీ పాతమునసబు వారసునకే పోవలెనని రెవిన్యూబోర్డువారు నిర్ణయింపగా, దరఖాస్తు పెట్టుకొనిన వేఱొకడు సుప్రీముకోర్టునకు పోయెను. మునసబీ రాజ్యాంగమునకు లోబడిన ప్రభుత్వోద్యోగము, వంశమును బట్టి దాని నిచ్చుట పదునాఱవ యధికరణమునకు విరుద్ధము అని 1960 డిసెంబరులో న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. తీర్పు వచ్చినను ఆ చావళ్లలో కూర్చున్నవారు చాలకాలము కూర్చుండియే యుండిరి. 1984 జనవరిలో రాష్ట్రప్రభుత్వమువారు ఆర్డినెన్సు చేసి కరణము, మునసబు ఉద్యోగములను రద్దు గావించిరి. నాడు ఉద్యోగము పోయిన కరణములలో బీదలును, నిజాయితీపరులును లేకపోలేదు. వారి లెక్కలపుస్తకములు తాసిల్దారు కచేరీలకు చేరినవి. ఇంటిపేరులు వారియొద్దనే యున్నవి.

ఆ బాలుడు ఈ సంవత్సరము పదవతరగతి. మొన్న ఏవో పత్రములు నింపుటకు నాయొద్దకు వచ్చెను. ‘తండ్రి వృత్తి’ యను గడిలో ‘పలాసలో జీడిపప్పు కార్ఖానా కూలి’ యని గుండ్రని యక్షరములతో వ్రాసి, సిరా యాఱువఱకు ఊదుచు నిలిచెను. పిమ్మట తల యెత్తి, “దీన్ని నా కొడుకు పేరులో కలపరు గదండీ, మాస్టారూ?” అని నవ్వెను.